పాఠం 14: గూడు చెదిరినా నిలదొక్కుకున్న మహిళలు

14.1 పరిచయం

మీరు ఈ కోర్సులో చేరేటప్పుడు ఒక దరఖాస్తు నింపారు. అందులో పేరు, పుట్టిన తేదీ రాశాక 'చిరునామా' అనే గడి వచ్చింది. ఇంటి నంబరు, వీధి, ఊరు, మండలం, జిల్లా అని మీరు గబగబా రాసేసి ఉంటారు. ఇల్లే లేని మనిషి ఆ గడిలో ఏమి రాయాలి? రైల్వే స్టేషను పేరు రాయాలా? తాను పడుకునే కాలిబాట పక్కనున్న దుకాణం పేరు రాయాలా?

ఆ గడి ఖాళీగా ఉంటే ఏమవుతుందో ఆలోచించండి. రేషన్ కార్డు దొరకడం కష్టం. బ్యాంకు ఖాతా తెరవడం కష్టం. ఓటర్ల జాబితాలో పేరు ఎక్కించుకోవడం కష్టం. పిల్లల్ని బడిలో చేర్చబోతే ఎన్నో ప్రశ్నలు ఎదురవుతాయి. అంటే ఇల్లు లేకపోవడం అంటే తలపైన కప్పు లేకపోవడం ఒక్కటే కాదు. కాగితాలలో ఆ మనిషి అసలు లేనట్లే లెక్క.

అటువంటి స్థితి నుంచి తమ బతుకును మళ్లీ కట్టుకున్న మహిళల గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం. వారికి ఇల్లు ఎవరో దానంగా ఇవ్వలేదు. ఇంటికి ముందు వారు ఎక్కిన మెట్లు కొన్ని ఉన్నాయి. ఆ మెట్లు ఏవి, ఏ వరుసలో ఉన్నాయి అన్నదే ఈ పాఠంలోని ముఖ్య విషయం.

14.2 ఉద్దేశ్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఇల్లు లేనివారు అని ఎవరిని అంటారో చెప్పగలుగుతారు.
• స్త్రీలు నిలువనీడ కోల్పోవడానికి కారణాలను వివరించగలుగుతారు.
• ముంబయి కాలిబాటల మీద నివసించిన మహిళలు ఇళ్లు సాధించుకున్న క్రమాన్ని వరుసగా చెప్పగలుగుతారు.
• ఇల్లు కోల్పోయిన, లేదా కోల్పోయే స్థితిలో ఉన్న స్త్రీకి చట్టం ఇచ్చే అండను గుర్తించగలుగుతారు.

14.3 ఇల్లు లేనివారు ఎవరు?

మన దేశంలో పదేళ్లకొకసారి జరిపే జనాభా లెక్కలలో ఇల్లు లేనివారిని విడిగా లెక్కిస్తారు. రోడ్డు పక్కన, కాలిబాటల మీద, పెద్ద సిమెంటు గొట్టాలలో, మెట్ల కింద, గుళ్ల దగ్గర, రైల్వే ప్లాట్‌ఫారాల మీద రాత్రి గడిపేవారు ఈ లెక్కలోకి వస్తారు. 2011 జనాభా లెక్కల్లో వీరిని ఫిబ్రవరి 28 రాత్రి లెక్కించారు. దేశం మొత్తం మీద వీరి సంఖ్య 17,73,040 అని తేలింది. ఇందులో పట్టణాలలో ఉన్నవారు 9,38,348 మంది. పల్లెలలో ఉన్నవారు 8,34,692 మంది.

ఈ లెక్క ఒక్క రాత్రిలో తీసినదని గమనించండి. తలదాచుకునే చోటు లేని స్త్రీ రాత్రి పూట నలుగురి కంట పడే చోట పడుకోదు. భయం కొద్దీ మూలమూలలా ఒదిగి ఉంటుంది. ఒక చోట నుంచి ఇంకొక చోటికి మారుతూ ఉంటుంది. అందువల్ల లెక్క తీసేవారి కంటికి స్త్రీలు కనపడకుండా పోయే అవకాశం ఎక్కువ.

14.4 స్త్రీ నిలువనీడ ఎందుకు కోల్పోతుంది?

మన ఇళ్లలో ఆడపిల్లకు పుట్టిల్లు ఒకటి, మెట్టినిల్లు ఒకటి అంటాం. మాటకు రెండిళ్లు ఉన్నట్లే ఉంటుంది. కాని ఆ ఇళ్ల కాగితాలు తీసి చూస్తే, ఒకటి తండ్రి పేరునో అన్న పేరునో ఉంటుంది. రెండోది మామ పేరునో భర్త పేరునో ఉంటుంది. ఏదైనా ఆపద వచ్చిన రోజున ఆమెకు రెండిళ్లూ లేకుండా పోతాయి. ఆ ఆపదలు ముఖ్యంగా ఇవి:

(అ) హింస, వదిలివేత: భర్త కొట్టి తరిమేయడం, మరొక పెళ్లి చేసుకుని వదిలేయడం.

(ఆ) వైధవ్యం, ముసలితనం: భర్త పోయాక అత్తింటివారు వెళ్లగొట్టడం. ఆస్తి రాయించుకున్న తరువాత కన్న బిడ్డలే చూడకపోవడం.

(ఇ) వలస: కరువు వల్ల, అప్పుల వల్ల ఊరు వదలడం. పాలమూరు జిల్లా నుంచి ముంబయి వంటి నగరాలకు కూలికి పోయిన కుటుంబాల సంగతి మీరు వినే ఉంటారు. పని దొరికిన చోటే వారికి పడక. పని అయిపోతే ఆ చోటూ ఉండదు.

(ఈ) కూల్చివేత: గుడిసెలు వేసుకున్న స్థలం నుంచి ఖాళీ చేయించడం.

(ఉ) మానసిక జబ్బు: జబ్బు వల్ల ఇల్లు వదిలి తిరగడం, లేదా జబ్బు ఉన్నదని ఇంటివారు వదిలేయడం.

ఇల్లు లేని కష్టం మగవారికీ ఉంది. అయితే స్త్రీకి అదనంగా మరికొన్ని కష్టాలు ఉంటాయి. స్నానానికి చాటు ఉండదు. మరుగుదొడ్డి కోసం చీకటి పడేదాకా ఆగాలి. నెలసరి రోజులలో పడే ఇబ్బంది చెప్పనలవి కాదు. పిల్లలు పక్కన ఉంటే రాత్రంతా కాపలా కాయాలి. కంటి నిండా నిద్రపోని మనిషి మరునాడు పని ఎలా చేయగలదు?

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1

ఖాళీలు పూరించండి.
1. 2011లో ఇల్లు లేనివారిని ............ నెల 28వ తేదీ రాత్రి లెక్కించారు.
2. 2011 లెక్కల ప్రకారం ఇల్లు లేనివారు ............ కంటే పట్టణాలలో ఎక్కువగా ఉన్నారు.
3. ఆపద వచ్చినప్పుడు స్త్రీకి రెండిళ్లూ లేకుండా పోవడానికి ఒక కారణం, ఇంటి ............ ఆమె పేరున లేకపోవడం.

14.5 ముంబయి కాలిబాటల నుంచి ఇళ్ల దాకా

ఇప్పుడు ఒక నిజమైన ఉదాహరణ చూద్దాం. ఇది ముంబయి నగరంలో బైకుల్లా అనే ప్రాంతంలో మొదలైంది. అప్పటికి ఆ నగరం పేరు బొంబాయి.

(1) ఒక తీర్పు

1981లో మహారాష్ట్ర ప్రభుత్వం నగరంలోని కాలిబాటల మీద ఉన్న గుడిసెలను తొలగించడానికి పూనుకుంది. దాని మీద కొందరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. వారిలో పాత్రికేయురాలు ఓల్గా టెల్లిస్ ఒకరు. అందుకే ఈ వ్యాజ్యం ఆమె పేరుతో ప్రసిద్ధమైంది. 1985 జూలై 10న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది.

ఆ తీర్పులో రెండు వైపులు ఉన్నాయి. జీవించే హక్కులోనే బతుకుతెరువు హక్కు కూడా ఇమిడి ఉందని కోర్టు చెప్పింది. ఇది పేదవారికి ఎంతో విలువైన మాట. అయితే కాలిబాట నడిచేవారి కోసం ఉన్నదని, అక్కడ ఇల్లు కట్టుకునే హక్కు ఎవరికీ లేదని, పద్ధతి ప్రకారం నోటీసు ఇచ్చి ఖాళీ చేయించవచ్చునని కూడా చెప్పింది. వానాకాలం దృష్ట్యా 1985 అక్టోబరు 31 వరకు మాత్రం ఎవరినీ తొలగించవద్దని ఆదేశించింది. కాలిబాట మీది కుటుంబాలకు మిగిలిన గడువు నాలుగు నెలలు కూడా లేదు.

(2) మొదటి మెట్టు: లెక్కలోకి రావడం

1984లో ముంబయిలో స్పార్క్ అనే స్వచ్ఛంద సంస్థ ఏర్పడింది. అది బైకుల్లాలోని కాలిబాట మహిళలతో కలిసి పనిచేయడం మొదలుపెట్టింది. తీర్పు వచ్చిన తరువాత వారంతా కలిసి ఒక నిర్ణయానికి వచ్చారు. "మనం ఎంతమందిమో, ఎవరిమో ముందు మనమే లెక్క వేద్దాం" అన్నదే ఆ నిర్ణయం.

1985లో సుమారు 6,000 కుటుంబాల వివరాలు సేకరించారు. కాలిబాటల మీద ఉండేవారు నిన్న మొన్న వచ్చినవారని, ఏ పనీ చేయని బిచ్చగాళ్లని అప్పటిదాకా చాలామంది అనుకునేవారు. లెక్క తీశాక అసలు సంగతి తెలిసింది. ఆ కుటుంబాలలో చాలామంది ఏళ్ల తరబడి అక్కడే ఉంటున్నారు. చుట్టుపక్కల చిన్నచిన్న పనులు చేసుకుని బతుకుతున్నారు. పనికి నడిచి వెళ్లగలిగే దూరంలో ఉండడానికే కాలిబాటను ఎంచుకున్నారు.

ఈ లెక్క వల్ల ఇళ్లు రాలేదు. కాని అధికారుల ముందు నిలబడి మాట్లాడడానికి చేతిలో ఒక ఆధారం వచ్చింది. "మేము ఉన్నాం" అని నోటితో చెప్పడం వేరు. "మేము ఇన్ని కుటుంబాలం, ఫలానా పనులు చేస్తున్నాం, ఇన్నేళ్లుగా ఇక్కడ ఉన్నాం" అని కాగితం చూపించడం వేరు.

(3) రెండో మెట్టు: తోడు

1986లో ఆ మహిళలు 'మహిళా మిలన్' అనే పేరుతో సంఘాలుగా ఏర్పడ్డారు. మిలన్ అంటే కలయిక. వీరిలో చాలామందికి చదువు రాదు. పోలీసు స్టేషను అన్నా, రేషన్ ఆఫీసు అన్నా భయం. ఒంటరిగా వెళితే గుమ్మం దగ్గరే కసిరి పంపేవారు. అందువల్ల గుంపుగా వెళ్లడం నేర్చుకున్నారు. ఎవరిని కలవాలి, ఏమి అడగాలి, ఏ కాగితం ఇవ్వాలి అని ముందుగా మాట్లాడుకుని వెళ్లేవారు. ఒకసారి వెళ్లివచ్చిన స్త్రీ మరొకరిని వెంటబెట్టుకుని వెళ్లేది. అలా ఒకరి అనుభవం పదిమందికి చదువయింది.

గుడిసెలు కూల్చడానికి సిబ్బంది వచ్చినప్పుడు కూడా వారు పద్ధతి మార్చారు. తొక్కిసలాటకు, తిట్లకు చోటివ్వకుండా తమ గుడిసెలను తామే విప్పుకునేవారు. దానివల్ల కర్రలు, రేకులు, వంట పాత్రలు బండ్లలో పోకుండా చేతిలో మిగిలేవి.

మురికివాడలలో ఉండేవారి హక్కుల కోసం 1974లో ఏర్పడిన జాతీయ సమాఖ్య ఒకటి వీరితో కలిసింది. దాని నాయకుడు జాకిన్ అర్పుతం. ఆయన కోలారు బంగారు గనుల ప్రాంతం నుంచి వచ్చి ముంబయి మురికివాడలో నివసించినవాడు. 2000 సంవత్సరంలో రామన్ మెగసెసే పురస్కారం పొందాడు. 2018లో మరణించాడు. పేదల సంఘాలలో నాయకత్వం మగవారి చేతిలోనే ఉండే రోజులలో, మహిళలను ముందు నిలపడం ఈ కలయికలోని విశేషం.

(4) మూడో మెట్టు: పొదుపు

"రోజు గడవడమే కష్టమైనప్పుడు పొదుపు ఎలా?" అని మీరు అడగవచ్చు. నిజమే. నెల జీతం ఉన్నవారు నెలకొకసారి దాచుకుంటారు. రోజు కూలి చేసే స్త్రీ చేతిలో డబ్బు రోజూ కాస్త వస్తుంది, రోజూ ఖర్చయిపోతుంది. అందుకని మహిళా మిలన్‌లో రోజువారీ పొదుపు పెట్టుకున్నారు. సంఘంలోని ఒక స్త్రీ ప్రతిరోజూ గుడిసె గుడిసెకూ తిరిగి డబ్బు వసూలు చేసేది. ఇంత ఇవ్వాలని నియమం లేదు. ఉన్నంత ఇవ్వవచ్చు. చదువు రాని సభ్యులు తమ లెక్క తాము చూసుకోవడానికి రంగురంగుల కాగితపు ముక్కలు వాడేవారు. ఏ రంగు ఎంత సొమ్మో వారికి తెలుసు.

మీలో చాలామందికి పొదుపు సంఘాలు కొత్త కాదు. నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం తరువాత, రోజుకు ఒక రూపాయి చొప్పున దాచుకున్న 'పొదుపులక్ష్మి' సంఘాల సంగతి మీకు తెలిసే ఉంటుంది. రెండు చోట్లా సూత్రం ఒక్కటే. కొద్ది కొద్దిగా, కలిసికట్టుగా, విడవకుండా దాచుకోవాలి.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. ఒక సంఘంలో 20 మంది ఉన్నారనుకుందాం. ఒక్కొక్కరు రోజుకు 2 రూపాయలు ఇస్తే రోజుకు 40 రూపాయలు. 30 రోజులకు 1,200 రూపాయలు. 365 రోజులకు 14,600 రూపాయలు. ఇది ఇల్లు కట్టడానికి చాలదు. కాని బిడ్డకు జ్వరం వచ్చిన రాత్రి వడ్డీ వ్యాపారి గడప తొక్కకుండా కాపాడడానికి చాలు.

ఈ పొదుపు వల్ల డబ్బుకు మించిన లాభం మరొకటి ఉంది. వసూలు చేసే స్త్రీ ప్రతిరోజూ ప్రతి గుడిసె ముందూ నిలబడుతుంది. ఎవరికి జబ్బు చేసింది, ఎవరింట్లో గొడవ అయింది, ఎవరికి పని పోయింది అన్నది ఆ సాయంత్రానికే సంఘానికి తెలుస్తుంది. ఇల్లు లేని మనిషికి అన్నిటికంటే పెద్ద భయం, తాను ఏమైపోయినా అడిగేవారు లేకపోవడం. రోజూ వచ్చి పలకరించే మనిషి ఉంటే ఆ భయం తగ్గుతుంది.

(5) నాలుగో మెట్టు: ఇల్లు ఎలా ఉండాలో తామే చెప్పడం

సాధారణంగా పేదల ఇళ్లను ఇంజనీర్లు గీస్తారు, గుత్తేదార్లు కడతారు, పేదలు వచ్చి చేరతారు. మహిళా మిలన్ సభ్యులు ముందుగా తమకు కావలసిన ఇంటిని తామే ఊహించుకున్నారు. కాలిబాట మీది గుడిసెను కొలిచారు. ఎంత చోటులో వండుకుంటున్నాం, ఎంత చోటులో పడుకుంటున్నాం అని చూసుకున్నారు. కర్రలతో, గుడ్డలతో అసలు ఇంటి కొలతలలోనే నమూనా ఇళ్లు నిలబెట్టి, పదిమందినీ పిలిచి చూపించారు.

వారు ఎంచుకున్న నమూనాలో గది ఎత్తు 14 అడుగులు. నేల తక్కువ కాబట్టి ఎత్తును వాడుకుని లోపల ఒక అటక వేసుకోవాలని వారి ఆలోచన. కింద వంట, పని. పైన పడక, సామాను. చదువు లేని స్త్రీలు ఇల్లు గీయలేరన్న అపోహ ఆ నమూనాలతో తొలగిపోయింది.

అంతటితో ఆగలేదు. నగరంలో పేదల ఇళ్ల కోసం కేటాయించిన స్థలాలు ఎక్కడెక్కడ ఉన్నాయో కాగితాలలో చూసి, తిరిగి వెతికారు. 'స్థలం లేదు' అనే జవాబుకు 'ఇదిగో, ఇక్కడ ఉంది' అని చూపించగల శక్తి వారికి అలా వచ్చింది.

(6) అయిదో మెట్టు: ఇల్లు

మురికివాడలలో ఉండేవారికి కొంత రక్షణ ఉన్న రోజులలో కూడా కాలిబాట మీద ఉండేవారిని ఆ లెక్కలో చేర్చేవారు కాదు. 1995లో మహారాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన మురికివాడల పునరావాస పథకంలో మొదటిసారిగా కాలిబాట నివాసులకు కూడా చోటు దొరికింది. అర్హత ఉన్న కుటుంబానికి 225 చదరపు అడుగుల ఇల్లు ఇవ్వాలని ఆ పథకంలో నిర్ణయించారు. అర్హత కోసం ఒక తేదీ పెట్టారు. 1995 జనవరి 1 నాటికి అక్కడ ఉన్నట్లు రుజువు చూపాలి. పదేళ్ల కిందట తమను తాము లెక్క వేసుకుని, కాగితాలు జాగ్రత్త చేసుకున్నవారికి ఆ రుజువు ఎంత అక్కరకు వచ్చిందో ఊహించండి.

ఆ తరువాత బైకుల్లా కాలిబాటల నుంచి కుటుంబాలు ముంబయి తూర్పు ప్రాంతంలోని మాన్‌ఖుర్ద్‌కు తరలివెళ్లాయి. అక్కడ వారు కట్టుకున్న కాలనీకి 'మిలన్ నగర్' అని పేరు పెట్టుకున్నారు. లెక్క మొదలుపెట్టిన నాటి నుంచి ఇంట్లో కాలు పెట్టే నాటికి పదేళ్లకు పైగా పట్టింది. చంకలో బిడ్డతో సంఘంలో చేరిన తల్లుల పిల్లలు ఈలోగా పెరిగి పెద్దవారయ్యారు.

ఈ అనుభవం దేశం దాటి కూడా వెళ్లింది. దక్షిణాఫ్రికా మురికివాడల మహిళలు ముంబయి వచ్చి చూశారు. ఇక్కడి మహిళలు అక్కడికి వెళ్లి పొదుపు పద్ధతి నేర్పారు. 1996లో అనేక దేశాల మురికివాడల సంఘాలు కలిసి ఒక అంతర్జాతీయ సమాఖ్యగా ఏర్పడ్డాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2

ఈ కింది వాటిని జరిగిన వరుసలో అమర్చండి.
(అ) మహిళా మిలన్ ఏర్పడింది.
(ఆ) పునరావాస పథకంలో కాలిబాట నివాసులకు చోటు దొరికింది.
(ఇ) సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.
(ఈ) ప్రభుత్వం గుడిసెలు తొలగించడానికి పూనుకుంది.

14.6 ఇల్లు వచ్చాక కష్టాలు తీరిపోయాయా?

తీరలేదు. ఇది కూడా మీరు తెలుసుకోవాలి. బైకుల్లాలో ఉన్నప్పుడు పనికి నడిచి వెళ్లేవారు. మాన్‌ఖుర్ద్ నుంచి రైలో బస్సో ఎక్కాలి. చార్జీలు పెట్టుకోవాలి. ఇంటి పని చేసే స్త్రీకి పొద్దున్నే రెండిళ్ల పని పోయిందంటే ఆదాయం తగ్గినట్లే. పైగా కాలిబాట మీద లేని ఖర్చులు పక్కా ఇంట్లో ఉంటాయి. కరెంటు బిల్లు, నీటి బిల్లు, కట్టడం బాగోగులకు నెలనెలా చందా కట్టాలి. ఇవి కట్టలేనివారు ఇల్లు అద్దెకిచ్చో, అమ్ముకునో మళ్లీ పాత చోటికి పోయే ప్రమాదం ఉంది.

అందువల్ల ఇల్లు వచ్చిన తరువాత కూడా సంఘం అవసరం. పొదుపు ఆగకూడదు. ఇల్లు ఇచ్చే ప్రభుత్వం కూడా ఆ ఇంటికి పని ఎంత దూరం, బడి ఎంత దూరం, ఆసుపత్రి ఎంత దూరం అని చూడాలి. గోడలు నాలుగు లేచినంత మాత్రాన సంసారం నిలబడదు.

14.7 మనసు చెదిరిన వారి మాట

పైన చెప్పుకున్న మహిళలు తమ హక్కు తాము అడగగలిగిన వారు. మానసిక జబ్బుతో వీధుల్లో తిరిగే స్త్రీ తన పేరు కూడా చెప్పలేని స్థితిలో ఉండవచ్చు. రైలెక్కి రాష్ట్రం దాటి వచ్చేస్తే ఆమె భాష కూడా అక్కడివారికి అర్థం కాదు. ఆమె సంగతి ఏమిటి?

1993లో చెన్నైలో ఇద్దరు యువతులు, వందనా గోపీకుమార్, వైష్ణవీ జయకుమార్, ఇటువంటి స్త్రీల కోసం 'బాన్యన్' అనే సంస్థను ప్రారంభించారు. బాన్యన్ అంటే మర్రిచెట్టు. వైద్యం చేయించడం, జబ్బు నెమ్మదించాక సొంతవారిని వెతికి ఇంటికి చేర్చడం వారి పని. అయితే కొందరికి వెళ్లడానికి ఇల్లు ఉండదు. ఉన్నా ఇంటివారు రానివ్వరు. వారిని ఆశ్రమంలోనే ముసలివారయ్యేదాకా ఉంచడం న్యాయమా?

దీనికి జవాబుగా 2015లో ఆ సంస్థ ఒక కొత్త పద్ధతి మొదలుపెట్టింది. నలుగురైదుగురు స్త్రీలు కలిసి మామూలు వీధిలో ఒక అద్దె ఇంట్లో ఉంటారు. తోడుగా సహాయకురాలు ఉంటుంది. వారే బజారుకు వెళతారు, వండుకుంటారు, వీలైనవారు పనికి వెళతారు. ఈ రోజు ఏమి వండుకోవాలో తానే నిర్ణయించుకోవడం మనకు చిన్న విషయం. ఏళ్ల తరబడి ఎవరో పెట్టిందే తిన్న మనిషికి అది పెద్ద విషయం. ఆ నిర్ణయంతోనే ఆమె మళ్లీ ఒక ఇంటి మనిషి అవుతుంది.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఇలా దిక్కులేక తిరిగే వ్యక్తి మానసిక జబ్బుతో ఉన్నదని, తన సంగతి తాను చూసుకోలేదని తోస్తే పోలీసులు రక్షణలోకి తీసుకోవాలి. 24 గంటలలోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. లాకప్పులో గాని జైలులో గాని ఉంచకూడదు.

14.8 చట్టం ఇచ్చే అండ

కింది విషయాలు మీకు గాని, మీకు తెలిసినవారికి గాని ఎప్పుడైనా ఉపయోగపడవచ్చు. శ్రద్ధగా చదవండి.

• గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం, 2005: ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కుటుంబంతో కలిసి నివసించిన ఇంట్లో ఉండే హక్కు స్త్రీకి ఉంది. ఆమెను వెళ్లగొట్టవద్దని, లేదా వేరే వసతి చూపించాలని, అద్దె చెల్లించాలని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు.

• ఆస్తిలో వాటా: ఆంధ్రప్రదేశ్ 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది. అయితే అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించలేదు. 2005లో పార్లమెంటు చేసిన సవరణతో దేశమంతటా కూతుళ్లకు, పెళ్లయినవారితో సహా, ఈ హక్కు వచ్చింది.

• తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం, 2007: పోషణ కోసం ట్రిబ్యునలుకు దరఖాస్తు చేయవచ్చు. చూసుకోవాలనే షరతుతో ఆస్తి రాసిచ్చినప్పుడు, తీసుకున్నవారు చూడకపోతే ఆ దస్తావేజును రద్దు చేయమని కోరవచ్చు. కాబట్టి ఆస్తి రాసేటప్పుడే ఆ షరతును దస్తావేజులో రాయించుకోవడం మంచిది.

• రాత్రి ఆశ్రయాలు: పెద్ద నగరాలలో లక్ష జనాభాకు ఒకటి చొప్పున, 24 గంటలూ తెరిచి ఉండే ఆశ్రయాలు ఏర్పాటు చేయాలని 2010లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

• సఖి కేంద్రాలు: హింసకు గురైన స్త్రీకి తాత్కాలిక వసతి, వైద్యం, న్యాయ సలహా, పోలీసు సహాయం ఒకే చోట అందించడానికి 2015లో వీటిని ప్రారంభించారు. మహిళల సహాయవాణి ఫోను నంబరు 181.

• ఉచిత న్యాయ సహాయం: 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం, ఆదాయంతో పని లేకుండా స్త్రీలందరికీ ఉచితంగా వకీలును ఏర్పాటు చేస్తారు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థను అడగాలి. ఫోను నంబరు 15100.

చట్టం పుస్తకంలో ఉంటే చాలదు. దాన్ని అడిగే మనిషి కావాలి. ఆ మనిషి పక్కన మరో నలుగురు నిలబడాలి. బైకుల్లా మహిళలు మనకు చూపించింది ఇదే.

14.9 సారాంశం

ఇల్లు లేకపోవడం అంటే కప్పుతో పాటు చిరునామా, కాగితం, గుర్తింపు కూడా లేకపోవడం. ఇంటి కాగితాలు తమ పేరున లేనందువల్ల స్త్రీలు ఆపద రాగానే నిలువనీడ కోల్పోతున్నారు. ముంబయి కాలిబాట మహిళలు ముందుగా తమను తాము లెక్క వేసుకున్నారు. తరువాత సంఘంగా కలిశారు, రోజూ దాచుకున్నారు, తమ ఇల్లు ఎలా ఉండాలో తామే నమూనా కట్టి చూపారు. ఇల్లు చివరి మెట్టు. ఇల్లు వచ్చాక కూడా పని, బడి, సంఘం ఉంటేనే అది నిలుస్తుంది. జబ్బు వల్ల తమ మాట తాము చెప్పుకోలేని స్త్రీలకు సమాజమే ముందు తోడు నిలవాలి.

14.10 కొత్త మాటలు

నిలువనీడ – తలదాచుకునే చోటు
వ్యాజ్యం – కోర్టులో వేసిన దావా
ధర్మాసనం – కలిసి విచారణ జరిపే న్యాయమూర్తుల బృందం
పునరావాసం – చోటు కోల్పోయినవారికి మళ్లీ నివాసం కల్పించడం
దస్తావేజు – ఆస్తి హక్కును తెలిపే పత్రం

14.11 అభ్యాసం

1. జనాభా లెక్కలలో ఇల్లు లేని స్త్రీలు కనపడకుండా పోవడానికి కారణం ఏమిటి? మూడు వాక్యాలలో రాయండి.
2. 1985 నాటి సుప్రీంకోర్టు తీర్పులో పేదలకు మేలు చేసిన అంశం ఏది? ఇబ్బంది కలిగించిన అంశం ఏది?
3. రోజువారీ పొదుపు వల్ల డబ్బు కాకుండా కలిగే మరో లాభాన్ని మీ సొంత మాటల్లో వివరించండి.
4. ఒక సంఘంలో 15 మంది ఉన్నారు. ఒక్కొక్కరు రోజుకు 5 రూపాయలు దాస్తే 30 రోజులకు ఎంత అవుతుంది?
5. ఇలా చేసి చూడండి: మీ ఇంటి పట్టా లేదా పన్ను రసీదు తీసి చూడండి. అది ఎవరి పేరున ఉంది? ఇంట్లోని స్త్రీ పేరు అందులో లేకపోతే, దాని గురించి ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడండి. ఆ మాటల్లో తేలినదాన్ని పది వాక్యాలలో రాయండి.

జవాబులు

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1: 1. ఫిబ్రవరి 2. పల్లెల 3. కాగితం
మీ ప్రగతిని సరిచూసుకోండి – 2: (ఈ), (ఇ), (అ), (ఆ)
అభ్యాసం 4: 2,250 రూపాయలు

మిగిలిన జవాబులు పాఠంలోనే ఉన్నాయి. అయిదో ప్రశ్నకు జవాబు మాత్రం మీ ఇంట్లో ఉంది.